పరుగు పోటీల్లో సాయానికి వెళ్తున్నారా? మీ ప్రశ్నలకు జవాబులు

చలికాలం వస్తే చాలు, మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోనూ ఆదివారం తెల్లవారుజామున 5కె, 10కె (ఐదు, పది కిలోమీటర్ల) పరుగులు పెట్టడం ఇప్పుడు మామూలైపోయింది. పరిగెత్తేవాళ్లకు సలహాలు ఎక్కడైనా దొరుకుతాయి. నీళ్ల టేబుల్ దగ్గరా, మలుపులోనూ, ఫినిష్ లైను దగ్గరా నిలబడేవాళ్లకు మాత్రం టీషర్టు ఇచ్చి, "అక్కడ నిలబడండి" అని పంపేస్తారు. ఈ నెల ప్రశ్నలన్నీ వాళ్ల నుంచి వచ్చినవే.

మా కాలేజీ ఎన్‌.ఎస్‌.ఎస్‌. యూనిట్‌కి 10కె పరుగులో నీళ్ల టేబుల్ అప్పజెప్పారు. కోట దగ్గర మొదలై ఐదు కిలోమీటర్లు వెళ్లి, అదే దారిలో వెనక్కి రావాలి. మా టేబుల్ రెండున్నర కిలోమీటర్ల దగ్గర. 400 మంది పేర్లు ఇచ్చారట. ఎన్ని క్యాన్లు చెప్పాలి? ఎంతమందిమి ఉండాలి?
– డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

వెళ్లి వచ్చే దారి కాబట్టి ప్రతి రన్నరూ మీ ముందుకు రెండుసార్లు వస్తారు: ఒకసారి రెండున్నర దగ్గర, ఇంకోసారి ఏడున్నర దగ్గర. అంటే 400 కాదు, 800 లెక్క. నీళ్లు అయిపోయిన టేబుళ్లలో చాలావాటి కథ ఇక్కడే మొదలవుతుంది. ఒక్కొక్కరు ఒకటే తీసుకోరు, కొందరు రెండోది నెత్తిన పోసుకుంటారు. కాబట్టి మనిషి వచ్చిన ప్రతిసారికీ ఒకటింపావు కప్పు చొప్పున వెయ్యి కప్పులు. 150 మిల్లీలీటర్ల కాగితం కప్పులో 120 పోస్తే చాలు. నిండా పోస్తే సగం చొక్కా మీదే పడుతుంది. వెయ్యి కప్పులకు 120 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు ఆరు. ఒలికేదానికీ చేతులు కడుక్కోడానికీ ఇంకో రెండు కలిపి ఎనిమిది చెప్పండి. కప్పులు 1200 తీసుకోండి, ఒకదానికొకటి అంటుకుని చిరిగేవి ఎప్పుడూ ఉంటాయి. పల్చటి ప్లాస్టిక్ గ్లాసుల జోలికి వెళ్లకండి. 2022 జులై 1 నుంచి అవి దేశమంతటా నిషేధం.

క్యాను కుళాయి కింద ఒక్కో కప్పూ పట్టి నింపుదామనుకుంటే గోవిందా. ఒక్కో కప్పుకి నాలుగైదు సెకన్లు పడుతుంది. మూత తీసి, శుభ్రమైన బకెట్లోకి వంచి, జగ్గులతో పోయండి. ఆరడుగుల టేబుల్ మీద ఒక వరసకి సుమారు 200 కప్పులు పడతాయి. వాటి మీద గట్టి అట్ట పరిచి రెండో వరస, దాని మీద ఇంకో అట్ట, మూడో వరస. నాలుగోది పెట్టారంటే కింది కప్పులు నలుగుతాయి. ఖాళీ కప్పులు ముందే పరిచి తర్వాత నింపుదామనుకోకండి, గాలికి సగం రోడ్డు మీద ఉంటాయి.

మనుషులు ఎనిమిది మంది: పోసేవాళ్లు ముగ్గురు, అందించేవాళ్లు నలుగురు, రోడ్డు మీది కప్పులు తీసేవాళ్లు ఒకరు. నలుగురు ఎందుకంటే, రెండున్నర కిలోమీటర్ల దగ్గర జనం ఇంకా విడిపోరు. వేగమైనవాళ్లు పదో నిమిషానికి వస్తే, నడిచేవాళ్లు ఇరవై అయిదో నిమిషానికి వస్తారు. 400 మందీ ఆ పావుగంటలోనే దాటిపోతారు, మధ్యలో నిమిషానికి నలభై మంది దాకా మీద పడతారు. ఒక మనిషి నిమిషానికి పది పన్నెండు కప్పులకు మించి అందించలేరు. తిరుగుదారిలో ఇబ్బంది ఉండదు, ముప్పయ్యో నిమిషం నుంచి డెబ్భై అయిదో నిమిషం వరకు చెదురుమదురుగా వస్తారు.

అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. రన్నర్లు ఎప్పుడూ వాళ్లకు ఎడమ పక్కనే ఉంటే, వెళ్లేటప్పుడు ఉన్న పక్క వేరు, వచ్చేటప్పుడు ఉన్న పక్క వేరు. ఒకే టేబుల్ పెడితే తిరిగొచ్చేవాళ్లు రోడ్డు దాటి రావాలి. ఆఖరివాడు ఇటు దాటాక టేబుల్ అటు మారుద్దామంటే, మొదటివాడు తిరిగొచ్చేందుకు మీకు మిగిలేది ఐదు నిమిషాలే. రెండు పక్కలా రెండు టేబుళ్లు అడగండి.

కప్పుని కింద నుంచి అరచేతిలో పెట్టుకుని గానీ, అంచు దగ్గర రెండు వేళ్లతో గానీ పట్టుకోండి. గుప్పిట్లో బిగిస్తే వాళ్లు లాగలేరు. రన్నరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి వాళ్లు వెళ్లే దిక్కుకే కాస్త కదలాలి. "నీళ్లు, నీళ్లు" అని అరవండి, ఓ.ఆర్‌.ఎస్‌. ఇస్తుంటే ఆ టేబుల్ వేరుగా పెట్టి, పేరు చెప్పి ఇవ్వండి. ఓ.ఆర్‌.ఎస్‌. నెత్తిన పోసుకున్నవాళ్ల కళ్లు మండిపోతాయి. చెత్తబుట్టలు టేబుల్ పక్కన పెట్టి లాభం లేదు. తాగుతూ ముందుకు పోతారు కాబట్టి యాభై మీటర్ల అవతల ఒకటి, వంద మీటర్ల దగ్గర ఇంకొకటి ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, చివరి యాభై మందికి ఒక క్యాను పక్కన దాచండి. ఎండెక్కాక వచ్చేది వాళ్లే, ఎక్కువసేపు రోడ్డు మీద ఉండేదీ వాళ్లే.

పోయినసారి శ్రీకాకుళంలో ఒక 10కెలో నన్ను మలుపు దగ్గర నిలబెట్టారు. చెయ్యి చూపిస్తూనే ఉన్నా, నలుగురు నేరుగా వెళ్లిపోయారు. తప్పు నాదేనా? ఇంకో విషయం, ఎప్పటిదాకా నిలబడాలో ఎవరూ చెప్పలేదు.
– ప్రైవేటు ఉద్యోగి, శ్రీకాకుళం

మీరు నిలబడిన చోటు తప్పయి ఉంటుంది. మలుపు మూలలో కాదు, వెళ్లకూడని రోడ్డు మొదట్లో, రన్నర్ల వైపు తిరిగి, దారికి అడ్డంగా నిలబడాలి. అలసిన మనిషి చూపు పాదాల ముందు మూడు నాలుగు మీటర్లకు మించి పోదు. మూలలో ఊపే చెయ్యి వాళ్లకు కనపడదు, ఎదురుగా ఉన్న మనిషి కనపడతాడు. రన్నరు ఇరవై అయిదు మీటర్ల దూరంలో ఉండగానే చెయ్యి భుజం ఎత్తుకి బారుగా చాపి, "ఎడమకి, ఎడమకి" అనాలి. "ఇటు" అంటే ఎటో తెలీదు. ఏడు రోడ్ల జంక్షన్ లాంటి చోట ఒక్కరితో పని జరగదు. తెరిచి ఉన్న ప్రతి తప్పుదారికీ ఒక మనిషో, తాడుతో కలిపిన రెండు కోన్లో ఉండాలి.

నేల మీద బాణం గుర్తులు మలుపుకి పదిహేను మీటర్ల ముందు ఒకటి, మలుపు తిరిగాక ఒకటి ఉండాలి. రెండోది చూస్తేనే సరైన దారిలో ఉన్నామన్న ధైర్యం వస్తుంది. ముగ్గుపిండితో రాత్రే వేసేస్తే మాత్రం తెల్లారేసరికి మిగలవు. మంచు తడికి, బండ్ల టైర్లకి సగం పోతాయి. ఇక ధనుర్మాసంలో అయితే ఇంటిముందు కళ్లాపి చల్లి అసలు ముగ్గు పెట్టేవాళ్లు మీ బాణాన్ని ఎందుకు ఉంచుతారు? ఆ నెలలో రోడ్డు మధ్యగా, గులాబీ రంగులో, పరుగుకి గంట ముందు వేయించండి.

ఎప్పటిదాకా అన్నది లెక్క కట్టుకోవచ్చు. వేగమైనవాళ్లకు కిలోమీటరుకి నాలుగు నిమిషాలు, నిదానస్తులకు పది. మీ చోటు ఎనిమిదో కిలోమీటరు, పరుగు 5:30కి అయితే మొదటివాడు 6:02కి, ఆఖరివాడు 6:50కి దాటాలి. మీరు 5:45కల్లా అక్కడుండాలి. ఆ లెక్క చూసుకుని వెళ్లిపోవడం కూడా కుదరదు. అందరి వెనకా వచ్చే మనిషి, లేదా వెనక బండి మిమ్మల్ని దాటి, "ఇక ఎవరూ లేరు" అని చెప్పాకే కదలాలి. అలాంటి మనిషిని పెడుతున్నారా అని నిర్వాహకుల్ని ముందురోజే అడగండి.

బండ్లు ఆపే అధికారం మీకు లేదు, అది పోలీసులది. బండీ రన్నరూ ఒకేసారి వస్తే రన్నరునే ఆపండి. కోపగించుకుంటారు, ఫరవాలేదు. అరసవల్లి వైపు దారి పెడుతున్నారేమో చూసుకోండి. ఆదివారం సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చే ఆటోలూ కార్లూ తెల్లవారక ముందే మొదలవుతాయి. ఆ రోడ్డు మీద ఆదివారం పరుగంటే మార్షళ్లు, అంటే మీలా దారి చూపేవాళ్లు, రెట్టింపు కావాలి, లేదా దారే మార్చాలి. రథసప్తమి రోజైతే ఆ ఆలోచనే వద్దు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం అటూ ఇటూ రోజులకీ ఇదే మాట. దసరా తర్వాతి మంగళవారం పోలీసులంతా ఆ బందోబస్తులోనే ఉంటారు.

మా స్కూలు తరఫున ఏటా 5కె నడుపుతాం. టైము నమోదుచేసే చిప్పులకు డబ్బు లేదు, చేత్తోనే టైము రాస్తాం. పోయిన ఏడాది 200 మందిలో సగం మంది టైము తారుమారైంది. ఎక్కడ పొరపాటు జరిగి ఉంటుంది?
– పి.ఈ.టి., నెల్లిమర్ల మండలం

సగం మందివి తప్పాయంటే, దాదాపుగా తప్పు జరిగింది ఒక్కరి దగ్గరే. ఒకరు వాచీ నొక్కుతారు, ఇంకొకరు బిబ్ (రన్నర్లు ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం) నంబర్లు రాస్తారు, సాయంత్రం రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి కలుపుతారు. నూరో మనిషి దగ్గర ఒక నొక్కు తప్పితే, అక్కడి నుంచి అందరికీ వెనకవాళ్ల టైము వచ్చేస్తుంది. మందు ఏమిటంటే, మూడో మనిషి. అతని పని ప్రతి పది మందిలో ఒకరిని పట్టుకుని బిబ్ నంబరూ, ఆ క్షణం గడియారం టైమూ కలిపి రాయడం: "217 – 28:32". ఇలాంటివి ఇరవై ఉంటే, జాబితా ఎక్కడ జారిందో పది పేర్ల లోపల దొరుకుతుంది.

వరస చెదరకుండా ఉండాలంటే గీత దాటాక తాళ్లతో సందు కట్టండి. వెడల్పు మీటరు, పొడవు పదిహేను ఇరవై మీటర్లు. వెడల్పు ఎక్కువైతే వెనకవాడు ముందుకొచ్చేస్తాడు. సందు మొదట్లో ఒకరు "ఆగకండి, నడుస్తూ ఉండండి" అంటూనే ఉండాలి. ఒకడు అక్కడే వంగి మోకాళ్లు పట్టుకున్నాడంటే, వెనక క్యూ గీత దాకా వస్తుంది, మిగతావాళ్ల టైము పాడవుతుంది. బిబ్ కింది అంచున చింపే చీటీ ఉండేలా అచ్చు వేయిస్తే ఇంకా మేలు. సందు చివర చీటీ చింపి, కిరాణా కొట్లో బిల్లులు గుచ్చినట్టు చువ్వకి గుచ్చడమే. ఆ కట్టే వరస.

నొక్కడంలో కొన్ని జాగ్రత్తలు. గీతని చెయ్యో తలో దాటినప్పుడు కాదు, ఛాతీ దాటినప్పుడు నొక్కాలి. ఇద్దరు కలిసి వస్తే రెండు నొక్కులు. వాచీ నొక్కే మనిషి ఇంకేమీ రాయకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు, "సార్, నా టైమెంత?" అని అడిగేవాళ్లని దూరంగా పంపే బాధ్యత వేరేవాళ్లది. ఫోనుతో నొక్కేటట్టయితే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, రద్దీలో ఫోను మోగితే మూడు నొక్కులు పోయినట్టే. మొదలయ్యేటప్పుడు రెండు వాచీలు నొక్కాలి, ఒకటి నిలిచిపోతే రెండోది ఉంటుంది. వీటన్నిటికీ తోడు, గీతా గడియారమూ రెండూ కనపడేలా స్టాండు మీద ఒక ఫోను పెట్టి వీడియో తియ్యండి. గొడవ వస్తే తీర్చేది అదే.

మూడొందలు దాటితే చేతి లెక్క మీద ఆశ వదులుకోండి. 5కెలో మధ్యస్థంగా పరిగెత్తేవాళ్లంతా గుంపుగా వస్తారు. నిమిషానికి ఇరవై మందికి మించితే మనిషి చెయ్యి అందుకోలేదు. చిప్పుకి డబ్బు లేకపోతే మొదటి యాభై మందికి టైము, మిగతావాళ్లకి మెడల్ అని ముందే ప్రకటించండి. అది చిన్నతనం కాదు, తప్పు టైము ఇవ్వడమే చిన్నతనం.

చిప్ ఉన్న పరుగులో బిబ్బులు పంచే పని నాది. ఏం చూసుకోవాలి?
– ఆముదాలవలస

క్యూలు పేర్ల ప్రకారం కాదు, బిబ్ నంబర్ల ప్రకారం వందేసి చొప్పున పెట్టండి. నంబరు తెలియనివాళ్ల కోసం జాబితాతో ఒక మనిషి క్యూలకు ముందే ఉండాలి, లేకపోతే ఒక్కరి వల్ల పాతికమంది ఆగుతారు. బిబ్బుకి నాలుగు పిన్నీసులు, 500 మందికి రెండు వేలు. నాలుగేసి ముందే విడగొట్టి కవర్లో పెట్టాలి. వెనక బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు చెమటకి చెదరని మార్కరుతో అక్కడే రాయించండి. "ఇంటికెళ్లి రాస్తాం" అన్నవాళ్లు రాయరు. బిబ్ ఛాతీ మీద, చొక్కాకి పైనే పెట్టాలని, మడవకూడదని చెప్పండి. చిప్ ఒంటికి అతుక్కుంటే తరంగాలు సరిగా అందవు. ఎవరూ తీసుకోని బిబ్బుల సంచిని మాత్రం టైమింగ్ మ్యాట్ (గీత దగ్గర చిప్పుల్ని చదివే పట్టా) దగ్గరికి తేవొద్దు. రానివాళ్లు కూడా పరిగెత్తినట్టు నమోదైపోతుంది.

ఫినిష్ దగ్గర ఒకాయన వాచీ చూపించి "10.18 వచ్చింది, దూరం తప్పు కొలిచారు" అని గొడవ పెట్టుకున్నారు. ఏం చెప్పాలి?
– బొబ్బిలి

10.1, 10.2 రావడం మామూలే. దూరం కొలిచేటప్పుడు మలుపుల్లో లోపలి అంచుకి 30 సెంటీమీటర్లు వదిలి, కుదిరినంత దగ్గర దారినే కొలుస్తారు. కొలత తక్కువ కాకుండా ప్రతి వెయ్యి మీటర్లకీ ఒక మీటరు కలుపుతారు కూడా. పరిగెత్తేవాళ్లు ఆ గీత మీద పోరు, వాచీ ఉపగ్రహ లెక్క కూడా అటూ ఇటూ అవుతుంది. అందరి వాచీల్లోనూ 9.7 వస్తే మాత్రం అనుమానించాల్సిందే. బైకు మీటరు చూసి కొలిచారా, లేక యూటర్న్ కోను ఎవరైనా జరిపారా? కోను పది మీటర్లు ఇటు జరిగితే మొత్తం మీద ఇరవై తగ్గుతుంది. అందుకే కోను చోట రోడ్డులో మేకు కొట్టి, రంగు వేసి, దగ్గర్లోని కరెంటు స్తంభం నంబరు రాసుకోవాలి. అదే యూటర్న్‌లో చేతికి రబ్బరు బ్యాండు తగిలించే మనిషి ఉంటే, మధ్యలోనే తిరిగొచ్చేసేవాళ్ల బెడదా తీరుతుంది.

నేను నర్సింగ్ చదువుతున్నాను. మెడికల్ టేబుల్ దగ్గర వేశారు. కళ్లు తిరిగి పడిపోయినవాళ్లకి మొదట ఏం చెయ్యాలి? నొప్పి మాత్రలు అడిగితే ఇవ్వొచ్చా?
– పలాస

నొప్పి మాత్రలు ఇవ్వకండి. ఒంట్లో నీరు తగ్గి పరిగెడుతున్న మనిషికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీల మీద భారం పెంచుతాయి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఆ జబ్బుకి కారణం ఇదని ఎవరూ అనలేరు, కానీ ఆ ప్రాంతం నుంచి వచ్చే మనిషికి తన కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియకపోవచ్చు. కండరం పట్టేస్తే సాగదీయడం, కూర్చోబెట్టడం చాలు.

పడిపోయిన మనిషిలో మొదట చూడాల్సింది మాట. పేరు, ఊరు చెప్పగలిగితే నీడలో పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి, చాలావరకు తేరుకుంటారు. మాట తడబడినా, తిక్కగా ప్రవర్తించినా, తూలుతూ ఒళ్లు కాలిపోతున్నా వడదెబ్బ అనుకోండి. డిసెంబరు అయినా సరే, మన కోస్తా ఉక్కకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. చంకలో థర్మామీటరు పెట్టి జ్వరం తక్కువేనని నమ్మొద్దు, లోపలి వేడి అందులో తెలియదు. ఇక్కడ సూత్రం ఒకటే: ముందు చల్లార్చండి, తర్వాత తరలించండి. 108కి ఫోను చేస్తూనే టార్పాలిన్ మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు ఎత్తి పట్టుకుంటే ఐసు నీళ్లు పోసి ఒళ్లంతా తడపొచ్చు. ముంచే తొట్టి ఉంటే ఇంకా మంచిది. చేపల వ్యాపారులకు ఐసు ఇచ్చే ఫ్యాక్టరీ నుంచి రెండు దిమ్మలు ముందురోజే చెప్పిపెట్టండి. ఆ ఐసు ఒంటికే, తాగడానికి కాదు.

స్పృహ లేక, ఊపిరి సరిగా లేకపోతే అది గుండె ఆగడం కావచ్చు. 108కి చెప్పి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5–6 సెంటీమీటర్ల లోతుకి నొక్కుతూ ఉండాలి. ఇలాంటివి ఫినిష్ చుట్టుపక్కలే ఎక్కువ జరుగుతాయి, ఆంబులెన్సు అక్కడే ఉండాలి, దాని ముందు ఎవరి కారూ ఉండకూడదు.

ఓ.ఆర్‌.ఎస్‌. పెద్ద ప్యాకెట్టు లీటరు నీళ్లకి. అర లీటరులో కలిపి "గట్టిగా ఉంటే మంచిది" అనుకుంటే వాంతులు పెరుగుతాయి. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లవి కూడా ఉంటాయి, ప్యాకెట్టు మీద చదివి కలపండి. ప్రతి టేబుల్ దగ్గరా నీళ్లు తాగుతూ నెమ్మదిగా వచ్చి, తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం కనిపిస్తే ఇంకా నీళ్లు పట్టొద్దు. ఒంట్లో సోడియం పలచబడి ఉండొచ్చు, డాక్టరు చూడాలి.

తెల్లవారుజామున నాలుగింటికి రమ్మంటున్నారు. నేను గృహిణిని, ఒక్కదాన్నే రావాలి. ఏమైనా అడగొచ్చా?
– చీపురుపల్లి

అడగాలి. ఇంటి దగ్గర ఎక్కించుకునే బండి, మీతో ఇంకొకరి జత, డ్యూటీ ముగిసే టైము, మీ చోటికి దగ్గర్లో బాత్రూము. ఇవేవీ లేకుండా ఊరి చివర మలుపులో నిలబడమంటే కుదరదని చెప్పండి. జనవరిలో మనకు ఆరున్నర దాకా సూర్యుడు రాడు కాబట్టి మెరిసే జాకెట్టు, టార్చి వాళ్లే ఇవ్వాలి. ఫినిష్ దగ్గర పళ్ల టేబుల్ అడిగినా మంచిదే. అరటిపళ్లు తొక్కతోనే సగానికి కోసి పెట్టండి, చెమట చేతులతో పట్టుకోవడం తేలిక. మజ్జిగ ఫినిష్‌లోనే ఇవ్వండి, దారిలో వద్దు.

మా వీధి మీదుగా పరుగు పోతుంది, కుక్కలు వెంటపడతాయి. ఏం చెయ్యాలి?
– విజయనగరం

రాళ్లు వేస్తే అవి రన్నర్ల మీదికే ఉరుకుతాయి. పరుగుకి ముందు రెండు మూడు రోజులు అదే టైముకి ఆ వీధిలో తిరిగి, ఎక్కడ గుంపుగా ఉంటాయో చూసుకోండి. రోజూ వాటికి అన్నం పెట్టేవాళ్లనే ఆ ఉదయం అక్కడ మార్షల్‌గా నిలబెట్టి, ఐదింటికే పక్క సందులో తిండి పెట్టించండి. వెంటపడితే పరుగు ఆపి నడవమని రన్నర్లకు చెప్పాలి. కరిచినా, పన్ను గీరినా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి పంపించి టీకా మొదలుపెట్టించండి, ఏ కుక్క కరిచిందో వెతుకుతూ టైము పోగొట్టకండి.